వైన్ సీసా వెనక్కి తిప్పితే ఏముంది?

ఈ ఎపిసోడ్ వైన్ సీసాల గురించి. తాగమని చెప్పే వీడియో కాదిది. తెలంగాణలో 21 ఏళ్లు నిండనివాళ్లకి మందు అమ్మకూడదు, అది ముందే చెప్పేస్తున్నా. మనం మాట్లాడుకునేది సీసా మీద అతికించిన కాగితం గురించి.

మాదాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా ‘వైన్స్’ బోర్డులకి కొదవ లేదు. లోపలికెళ్తే విస్కీ, బీరుదే రాజ్యం. అసలు వైన్‌కి దక్కేది ఓ మూల అర. అయితే ఐటీ ఏరియాలో బుట్ట పట్టుకుని తిరిగి కొనుక్కునే పెద్ద షాపుల్లో ఆ అర బాగా పెరిగింది. అక్కడ నిలబడి చూడండి. ఒక వరసలో క్రీమ్ రంగు కాగితం, బంగారు అంచు, కోట బొమ్మ, వంకర అక్షరాలు. పక్క వరసలో జంతువులు, గులాబీ రంగు, ఒక్క మాటలో పేరు.

లేబుల్ మీద బొమ్మ కొత్తేం కాదు. ఫ్రాన్స్‌లో మౌటన్ రోత్‌షీల్డ్ 1945 నుంచి ఏటా ఒక చిత్రకారుడితో లేబుల్ వేయిస్తోంది. 1973 సీసా మీద పికాసో బొమ్మ ఉంది. కానీ సామాన్యుడి సీసాని మార్చింది 2001లో వచ్చిన ఆస్ట్రేలియా ‘యెల్లో టెయిల్’. కాంగారూ లాంటి వాలబీ బొమ్మ, ముదురు రంగులు. ద్రాక్ష గురించి తెలియనివాళ్లకి కూడా ‘ఆ జంతువు బొమ్మది’ అని అడిగితే చాలు. మన నాసిక్ ‘సులా’ మీసాల సూర్యుడూ అదే పని చేస్తాడు. ఇక ‘19 క్రైమ్స్’ సీసాకి ఫోన్ చూపిస్తే లేబుల్ మీది ఖైదీ మాట్లాడతాడు!

మన దగ్గర లేబుల్ మీద ఇంకో బరువు ఉంది. టీవీలో మందు ప్రకటనలు నిషేధం. కాబట్టి సీసానే ప్రకటన, సీసానే సేల్స్‌మన్. మన భాషలో చెప్పాలంటే, ల్యాండింగ్ పేజీ. కాకపోతే మనం శుక్రవారం సాయంత్రం డిప్లాయ్ చేసినట్టు కుదరదు, ప్రతి రాష్ట్రంలో ఎక్సైజ్ శాఖ లేబుల్‌ని ఆమోదించాలి. పైన మూతకి ప్రభుత్వ హోలోగ్రామ్ స్టిక్కర్ కూడా పడుతుంది.

సీసా సంగతీ మారుతోంది. బరువుగా ఉంటే ఖరీదైనదనే నమ్మకం ఇంకా పోలేదు గానీ, అందులో సగం గాజు మోతే. 750 మిల్లీలీటర్ల సీసా సగటు బరువుని దాదాపు 550 గ్రాముల నుంచి 2026 చివరికి 420కి దించుతామని కొన్ని విదేశీ దుకాణ సంస్థలు 2023లో ఒప్పుకున్నాయి. కార్క్ బదులు తిప్పే మూత వచ్చింది. వైన్ డబ్బాల్లో కూడా వచ్చింది.

నా పేచీ ఇక్కడే. ఆ డబ్బా చూడ్డానికి కూల్‌డ్రింక్‌లా ఉంటుంది. లెక్క వేద్దాం. 13 శాతం ఆల్కహాల్ ఉన్న 750 సీసాలో 97.5 మిల్లీలీటర్ల శుద్ధ ఆల్కహాల్ ఉంటుంది. 5 శాతం ఉన్న 650 బీరులో 32.5. అంటే సరిగ్గా మూడు బీర్లు! ‘వైనే కదా, లైట్’ అంటారు టీమ్ పార్టీలో. 330 డబ్బాలో 8 శాతం ఉంటే 26.4, అదే సైజు బీరు డబ్బాలో 16.5. సైబరాబాద్ పోలీసుల మెషిన్‌కి డబ్బా రంగుతో పని లేదు. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసే.

ఆ శాతం ఎక్కడుంటుంది? చాలా సీసాలకి వెనకాల, చిన్నగా. 2019 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ఆహార భద్రత నిబంధనల ప్రకారం 200 మిల్లీలీటర్లు దాటిన సీసా మీద ఆరోగ్య హెచ్చరిక అక్షరాలు కనీసం 3 మిల్లీమీటర్లు ఉండాలి. కనీసం అన్నారు కదా, అంతే వేస్తారు. రాష్ట్రం కోరుకుంటే ఆ హెచ్చరికని స్థానిక భాషలో వేయొచ్చని ఆ నిబంధనల్లోనే ఉంది. తమిళనాడు సీసా మీద తమిళం కనిపిస్తుంది. నేను ఈ ఏరియాలో తిప్పి చూసిన వైన్ సీసాల మీద తెలుగు హెచ్చరిక కనపడలేదండీ.

యూరప్‌లో 2023 డిసెంబర్ 8 తర్వాత తయారైన వైన్‌కి అందులో ఏమేం కలిపారో చెప్పి తీరాలి. ఆ జాబితాని క్యూఆర్ కోడ్‌లో పెట్టుకోవచ్చు, లేబుల్ అందమేమీ చెడదు. అమ్మడానికి ఖైదీ చేత మాట్లాడించగలిగినవాళ్లకి, శాతాన్ని ముందువైపు పెద్ద అంకెల్లో వేయడం ఏమంత కష్టం? మీ దగ్గర సీసా ఉంటే తిప్పి చూసి, ఆ అంకె ఎక్కడ దొరికిందో కామెంట్‌లో రాయండి.