పాత జీపా? క్రొత్త జీపా?

కృష్ణగిరి, ఎమ్మిగనూరు, ఆదోని ప్రాంతముల నల్లరేగడి బాటలలో వాన వెలిసిన మరునాడు బండి నడిపినవారికి ఈ ప్రశ్న కేవలము వేడుక కాదు.

మన దేశమున మహీంద్రావారు విల్లీస్ జీపుల కూర్పును 1947లో ఆరంభించిరి. ఆ వంశమున 2010లో థార్ వెలువడినది. 2020లో దాని రూపమే మారినది. పాతదానికి వెనుక కమాను పట్టీలు. కుదుపు హెచ్చు, అయినను మరమ్మతు సులభము. క్రొత్తదానికి చుట్ట స్ప్రింగులు, ప్రమాదమున ఆదుకొను గాలిసంచులు కలవు; 2020లో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో అది నాలుగు నక్షత్రములు పొందినది.

అయితే బండి వయస్సుకంటె ముందు మనము చూడవలసినది ఒకటున్నది: నాలుగు చక్రములకును ఇంజను బలము అందునా? 2023లో క్రొత్త థార్‌నందును వెనుక చక్రములకే బలమందు రకము వచ్చినది. తడిసిన రేగడి టైరు గాడులలో నిండి చక్రమును నున్నగా చేయును. అప్పుడా రెండు చక్రములు ఉన్నచోటనే తిరుగును.

పాతది కొనువారు చట్రమునకు పట్టిన తుప్పును, పదిహేనేండ్ల రిజిస్ట్రేషను గడువును చూచుకొనవలెను. చేనికి మాత్రమే పోవువారికి గట్టి పాతబండి చాలును. పిల్లలతో కర్నూలు రహదారి పట్టువారికి క్రొత్తదే మేలని మా అభిప్రాయము. రేగడి ముద్దగా ఉన్ననాడు మాత్రము ఏ బండినైనను ఇంటనే నిలుపుట మంచిది.