మా మామ్మ వేసిన పంక్తి

(సంఘ వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



విద్యను గూర్చియు, ఉద్యోగములను గూర్చియు, భూములను గూర్చియు పెద్దలు ఇదివరకే సెలవిచ్చియున్నారు. నాకు నియమింపబడిన విషయము మన స్త్రీల సేవ. దానిని సామాన్యముగా చెప్పుటకంటె నేనెరిగిన యొక స్త్రీని గూర్చి చెప్పుట మేలని తలంచి, తాటిపాకలో జీవించి ప్రభువునందు నిద్రించిన మా మామ్మను గూర్చి నాలుగు మాటలు మనవి చేయుచున్నాను. ఆమె యే సభకును అధ్యక్షత వహింపలేదు. ఏ పత్రికయందును ఆమె పేరు పడలేదు. అయినను ఈ సంఘము నేడు చేయగోరుచున్న పనిని ఆమె తన వంటయింటిలోనే చేసి చూపినది.

మన కోనసీమకు క్రైస్తవ విశ్వాసము చాలవరకు వసిష్ఠ దాటి వచ్చినది. 1836లో ఇంగ్లాండునుండి బయలుదేరి వచ్చిన బౌడెన్, బియర్ అను మిషనరీలు నరసాపురమున పని నారంభించిరి. ఆ పనియే గోదావరి డెల్టా మిషను అను పేర పరగెను. గుడిలోనికిని బడిలోనికిని రానీయబడని మనవారికి కూర్చుండి వినుటకు చోటును, వ్రాసికొనుటకు పలకయు అట్లు దొరికెను. మా మామ్మకు మాత్రము ఆ పలక దొరకలేదు. వరి యూడ్పులకును, కొబ్బరి పీచు పనికిని పోయిన చేతులవి. కాని పురుషోత్తమ చౌదరిగారి (1803–1890) కీర్తనలు ఆమెకు కంఠస్థములు. ఊడ్పు చేనిలో ఆమె పాట యెత్తుకొన్నచో, గుడికి రానివారి చేతులు కూడ ఆ తాళమునకే యాడెడివట.

ఆమె భక్తి ముఖము ముడుచుకొను భక్తి కాదు. ఒకనాడు మా యింట భోజనమునకు వచ్చిన పాస్టరుగారు ప్రార్థనను మిక్కిలి దీర్ఘముగా చేయుచుండగా, ఆమె కన్నులు మూసికొనియే, “ఆయ్, అయ్యగారండీ, తమరి మనవి ప్రభువుకి ఎప్పుడో చేరిపోయిందండి. కూర అడుగంటేలోగా ఆమెన్ అనండి” అనెను. ఆ అయ్యగారు నవ్వుచునే ఆమెన్ పలికి, తరువాత ఆ మాటను పదిచోట్ల తామే చెప్పుకొనిరి.

1995 జనవరి 8న మన పాశర్లపూడిలో చమురు సంస్థవారి బావి బ్రద్దలై, అరువదియైదు దినములు మంట ఆకాశము నంటియుండెను. జనులు మూటలు గట్టుకొని పోవుచుండిరి. రాత్రులు పగళ్ళయినవి. పిల్లలము వణకుచుండగా మామ్మ మమ్ము దగ్గరకు తీసికొని, “ఇంత వెలుగొచ్చినా మీ తాతకి కళ్ళజోడు కనబడలేదు చూశారా!” అనెను. మేము నవ్వితిమి. నవ్విన తరువాతనే ఆమె మాచేత ప్రార్థన చేయించెను. భయముతో ప్రార్థించువాడు తనకొరకే అడుగుకొనునని ఆమె యభిప్రాయము.

1996 నవంబరు 6వ తేది తుపాను రాత్రి పొరుగు నాలుగిండ్లవారు మా వసారాలో తలదాచుకొనిరి. తెల్లవారునప్పటికి తోటలోని కొబ్బరిచెట్లు నేలపైనుండెను. ఆమె వాటినన్నిటిని చూచి, కొంతసేపు మౌనముగానుండి, “నిటారుగా నిలబడినోటినే పడేసిందిరా గాలి. నడుము వంగినదాన్ని, నన్నేం చేస్తాది?” అని, పొయ్యి రాజేసి వచ్చినవారందరికి గంజి కాచెను.

ఇక ముఖ్య విషయమునకు వచ్చెదను. 1950 ఆగస్టు 10న వెలువడిన ఉత్తర్వు ప్రకారము హైందవేతర మతస్థులు షెడ్యూల్డు కులములవారుగా పరిగణింపబడరు. ఆ నిబంధన 1956లో సిక్కులకును, 1990లో బౌద్ధులకును సడలింపబడెను, క్రైస్తవులకు సడలింపబడలేదు. మన రాష్ట్రమున వారు వెనుకబడిన తరగతులలో ‘సి’ వర్గమున చేర్పబడిరి. ఈ గీత మా యింటి వాకిలి మధ్యగా పోయినది. మా పెదనాన్నగారు బాప్తిస్మము పొంది క్రైస్తవులుగా వ్రాయించుకొనిరి. మా తండ్రిగారు బిడ్డల చదువు నెంచి బాప్తిస్మము పొందక నిలిచిపోయిరి. ఒకరు “కాగితము కొరకు ప్రభువును విడిచినవాడ”నియు, ఒకరు “బిడ్డల నోటికాడి కూడు తీసినవాడ”నియు నిందించుకొని మాటలు మానిరి.

మామ్మ ఎవరికిని తీర్పు చెప్పలేదు. కాగితమును తేలికగాను చూడలేదు. మనుమల ఫీజుల కొరకు కచేరీ మెట్లెక్కినది ఆమెయే. కాని క్రిస్మసు నాడును, సంక్రాంతి నాడును కుమారులిద్దరిని ఒకే పంక్తిని కూర్చుండబెట్టి తానే వడ్డించెడిది. “ఒరే, మిమ్మల్ని కన్నప్పుడు మంత్రసాని ఎవర్ని ఏ కాలమ్‌లో రాసుకుందో నాకు తెలీదు. పులుసు మాత్రం ఒక్క కుండలోదే, తినండి” అనెడిది. మొదటి యేడు వారు తలలు వంచుకొని తినిరి. రెండవ యేడు పులుసులో ఉప్పు చాలలేదని ఇద్దరు నొక్కసారియే అనిరి. అని, ఒకరి ముఖము నొకరు చూచుకొని నవ్విరి. ఆమె చేతి వంటలో ఉప్పు తప్పుట అదియే మొదలు, అదియే తుద. ఆమె శవపేటికను మోసిన భుజములలో ఆ యిద్దరి భుజములును ఉండెను.

సోదరులారా! 1917లో బెజవాడయందు భాగ్యరెడ్డివర్మగారి అధ్యక్షతన కూడిన మన పెద్దలు పంచములను పేరు విడిచి ఆది ఆంధ్రులను పేరు నంగీకరించిరి. ఆ పేరులో పుట్టిన నేల యున్నదిగాని, ప్రార్థనాస్థలము లేదు. కావున నా మనవి రెండే మాటలు. మన విద్యార్థులకు సంఘము చేయు సహాయము రెండు వరుసల బిడ్డలకును సమానముగా చెందవలెను. ఆ గీతను గూర్చిన న్యాయపోరాటమును, దానివలన నష్టపడినవారికే విడిచిపెట్టక, నష్టపడనివారు ముందుండి నడుపవలెను. గీతను చెరుపుట ప్రభుత్వము పని కావచ్చును. పంక్తి వేయుట మాత్రము మన పనియే.