జీరో ఎంత దూరానికి?

పటాలంలో జీరోయింగ్ నేర్పిన చెయ్యి కదా, దూరానికే మొగ్గుతుంది. రిటైరయ్యాక ఒక అటవీ బృందంతో వెళ్ళి, వాళ్ళ పాయింట్ 458 విన్‌చెస్టర్ మాగ్నమ్‌ను 200 గజాలకు జీరో చేశాను. 1972 చట్టం వచ్చాక మనకు వేటెక్కడిది? మనుషుల్ని చంపుతున్న ఏనుగు మీద చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ఉత్తర్వు ఉంటేనే ఆ రైఫిల్ బయటికొస్తుంది.

ముసలి ట్రాకర్ అడిగాడు: "సార్, 200 గజాల్లో ఉన్న ఏనుగును ఎందుకు కాలుస్తామండీ?"

నిజమే. 500 గ్రెయిన్ల తూటా బరువైనది, నిదానమైనది. 200కి జీరో చేస్తే 50 గజాల దగ్గర మూడంగుళాలు పైకి కొడుతుంది. తల కొండంత, మెదడు ఐదు కిలోలే! సిగ్గుపడి 50కి మార్చాను. 100 దగ్గర అంగుళమున్నర దిగుతుంది, అంతే.

మర్నాడు వెదురుపొదలో, ముప్ఫై అడుగుల్లో ఎదురుపడింది. ఉత్తర్వులోని ఏనుగుకు ఒక దంతం విరిగింది. దీనికి రెండూ ఉన్నాయి. రైఫిల్ దించాను.