లోహముల కాఠిన్యము – కొలతల మార్పిడి



మన పెద్దలు ఉక్కునకు పదను పెట్టునపుడు రంగును జూచియు, ఆకురాయితో గీచియు గట్టితనము నెఱింగెడివారు. కోనసముద్రమున ఉక్కు కరగించి పారసీక వర్తకులకమ్మిన చేతుల విద్య యది. నేడు కొనువాడు రంగు నడుగడు, అంకె నడుగును. ఆ యంకె యే మానమునందలిదో యెఱుగకున్న మన శ్రమ వ్యర్థమగును.

మానములలో ముఖ్యములు మూడు. 1900లో స్వీడను దేశీయుడగు బ్రినెల్ 10 మిల్లీమీటర్ల గుండును 3000 కిలోగ్రాముల బరువుతో లోహముపై నొత్తి, పడిన గుంట వెడల్పును గొలిచెను. 1919లో అమెరికాలో పేటెంటు పొందిన రాక్‌వెల్ పద్ధతి గుంట లోతును గొలుచును. దాని 'సి' మానమునకు వజ్రపు శంకువు, 'బి' మానమునకు చిన్న గుండు సాధనములు. 1921లో ఇంగ్లండున వెలసిన వికర్స్ పద్ధతి వజ్రపు పిరమిడ్ చేసిన గుంట కర్ణములను గొలుచును.

ఒకటి వెడల్పు, మఱియొకటి లోతు. కావున గజములను అడుగులుగా మార్చినట్లు వీనిని గుణించి మార్చ వలనుపడదు. ఒకే ముక్కను వేర్వేరు యంత్రములపై పరీక్షించి కూర్చిన పట్టికలే మనకాధారము. ఉక్కునకు రాక్‌వెల్ సి 20 అనగా బ్రినెల్ సుమారు 226. 40 అనగా 371. 50 అనగా 481. మొదటి యిరువది మెట్లకు 145 పెరుగగా, తరువాతి పది మెట్లకే 110 పెరిగినది! 40 గల యుక్కు 20 గలదానికి రెట్టింపు గట్టిదనుట పొరపాటు.

మఱియు ఉక్కు పట్టిక ఇత్తడికి చెల్లదు. ఒత్తిడికి ఒక్కొక్క లోహము ఒక్కొక్క తీరున బిగిసికొనును. నే నెఱిగిన యొక కార్ఖానావారు ఇత్తడి సామానును బ్రినెల్ యంత్రమున పరీక్షించి, ఉక్కు పట్టిక జూచి రాక్‌వెల్ బి అంకె వ్రాసి పంపిరి. కొన్నవారి యంత్రమున ఆ యంకె రాలేదు, సరకు తిరిగివచ్చెను. పనియందు లోపము లేదు. అయినను కూలియు బోయెను, మాటయు బోయెను.

కావున యువకులకు నా విన్నపము. కొనువాడు కోరిన మానముననే పరీక్షింపుడు. మార్పిడి తప్పనిచో, మొదట వచ్చిన యంకెను, మానమును, చూచిన పట్టికను గూడ వ్రాయుడు. ఆ లోహమునకు దగిన పట్టికనే చూడుడు. మార్చిన యంకె అంచనాయేగాని కొలత కాదని మఱవకుడు.

పోషకులకును ఒక మనవి. చిన్న కొలిమివాడు ఇట్టి యంత్రమును తానై కొనజాలడు. మండపములకిచ్చు విరాళములలో కొంత తీసి సంఘము పేర నొక పరీక్షాయంత్రమును నెలకొల్పిన, మనవారి పనితనమునకు సాక్ష్యము మన చేతనే యుండును.