మట్టిలో ఉన్నది మొక్కకు అందేదెట్లా?
(సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగం)



ఇందాక అప్పుల పట్టిక చదివినప్పుడు విన్నారు కదా. మిద్దె మీద కూరగాయలు పెంచుకుంటామని ఈ ఏడు అంతర్గత అప్పు అడిగిన సభ్యులు పెరిగారు. మంచిదే. అయితే ఆ డబ్బులో కుండీలకు, విత్తనాలకు పోయినదానికన్నా మందు సీసాలకు, ఎరువు ప్యాకెట్లకు పోయిందే ఎక్కువ. పుంటికూర పసుపుపచ్చ అయితే ఒక సీసా, టమాట కాయ కింద నల్లబడితే ఇంకో సీసా. పొదుపు పైసలు ఇట్లా పోతున్నాయనే ఇవాళ మైకు అడిగి తీసుకున్నాను.

మన పబ్లిక్ గార్డెన్స్ దగ్గరే నౌబత్ పహాడ్ ఉంది, బిర్లా మందిరం ఉన్న గుట్ట. అది గ్రానైటు బండ. మన చుట్టుపక్కల ఎర్రమట్టి చాలావరకు అటువంటి బండ వేల ఏండ్లు అరిగి అయినదే. ఆ బండలో పొటాష్ ఉంది, ఇనుము ఉంది. మరి బండను పొడికొట్టి కుండీలో నింపితే మొక్క పెరుగుతుందా? పెరగదు. పండ్లు రాని పిల్ల ముందు బియ్యం బస్తా పెట్టినట్టే. నీళ్లలో కరిగినదాన్నే వేరు తీసుకుంటుంది. ఆ బియ్యాన్ని వండిపెట్టేది మట్టిలోని సూక్ష్మజీవులు. అవి వదిలే పులుపు రాతి రేణువులను కొంచెం కొంచెంగా కరిగిస్తుంది.

ఇది ఉత్త సేవ కాదు, కూలి ఉంది. ఆకు ఎండలో తయారుచేసుకున్న చక్కెరలో కొంత భాగాన్ని మొక్క వేరు గుండా మట్టిలోకి వదులుతుంది. అది తిని అవి బతుకుతాయి. వేరును అంటిపెట్టుకుని ఒక రకం బూజు ఉంటుంది, సన్నని దారాల లెక్క. వేరు చేరలేని సందుల్లోకి పోయి భాస్వరం తెచ్చి ఇస్తుంది. మనం భాస్వరం ఎరువు మరీ ఎక్కువ పోస్తే మొక్క ఆ బూజుకు కూలి తగ్గించేస్తుంది. ఇంట్లోకి వచ్చిపడుతుంటే బయటివాళ్లతో పనేముంది అన్నట్టు.

యూరియా వేస్తే చాలు, సూక్ష్మజీవులతో పనేంటి అని ఒక చెల్లె అడిగింది. యూరియాను కూడా చాలావరకు అవే అమోనియాగా, తర్వాత నైట్రేటుగా మారుస్తాయి. నైట్రేటు నీళ్లతో కొట్టుకుపోతుంది. కుండీ కింది రంధ్రం నుంచి కారేది మన పైసలే.

ఇక బొబ్బర్ల సంగతి. గాలిలో 78 శాతం నత్రజనే, కానీ ఏ మొక్కా దాన్ని నేరుగా తీసుకోలేదు. బొబ్బర, పెసర, పల్లి వేర్ల మీద చిన్న బుడిపెలు ఉంటాయి చూడండి. అందులో రైజోబియం అనే బ్యాక్టీరియా గాలి నత్రజనిని పట్టి మొక్కకు ఇస్తుంది. బుడిపెను కోస్తే లోపల గులాబీ రంగు ఉండాలి. ఆ రంగు ఇనుము ఉన్న పదార్థానిది, మన రక్తం ఎరుపులాంటిదే. ఆ పనికి ఇనుముతోపాటు మాలిబ్డినం అనే ఖనిజం కూడా రవ్వంత కావాలి. లోపల తెల్లగా ఉంటే ఇంకా పని మొదలుకాలేదు, ఆకుపచ్చగానో గోధుమరంగుగానో ఉంటే పని అయిపోయింది.

అయితే ఒక మాట గట్టిగా చెప్తాను. నత్రజని సంగతి వేరు గానీ, మట్టిలో లేని ఖనిజాన్ని ఏ సూక్ష్మజీవీ పుట్టించలేదు. పటాన్‌చెరు ఇక్రిశాట్ వాళ్లు మహబూబ్‌నగర్, నల్గొండ పొలాల మట్టి పరీక్షిస్తే చాలాచోట్ల జింకు, బోరాన్, గంధకం తక్కువని తేలింది. అటువంటి చోట ఎంత జీవామృతం పోసినా ఆ లోటు పూర్తిగా తీరదు. మన కుండీల్లో నింపే కొబ్బరిపొట్టులో అయితే ఖనిజాలు మరీ తక్కువ. కాబట్టి ఎర్రమట్టి, మాగిన పెంట కలపాల్సిందే.

మాగిన పెంటకు ఆవు అక్కర్లేదు. ఆబిడ్స్ అపార్టుమెంట్లలో పేడ ఎక్కడ తెస్తాం? కూరగాయల తొక్కలు, మొజంజాహి మార్కెట్ దగ్గర పండ్ల బండ్లవాళ్లు పారేసే తొక్కలు తెచ్చి, రెండింతలు ఎండుటాకులు కలపండి. పిండితే చుక్క రాలేంత తేమ చాలు. వారానికోసారి తిరగెయ్యండి. కంపు కొడితే గాలి ఆడట్లేదని అర్థం. గుడ్డు పెంకులు అట్లనే వేస్తే ఏండ్లు పడతాయి, మెత్తగా దంచి కలపండి.

టమాట కాయ కింద నల్లబడేది కాయకు కాల్షియం అందక. చాలాసార్లు మట్టిలో కాల్షియం ఉంటుంది, నీళ్లే ఒకరోజు పోసి మూడు రోజులు మరుస్తాం. దానికి సీసా ఎందుకు?

నా ప్రతిపాదన: మిద్దెతోటకు ఇచ్చే అప్పులో సీసాల ఖర్చు రాయొద్దు. ముందు మట్టి పరీక్ష చేయిద్దాం. ఉద్యానశాఖ కార్యాలయం పబ్లిక్ గార్డెన్స్‌లోనే ఉంది. ఎక్కడ, ఎట్లా చేయించాలో నలుగురం కలిసి పోయి అడుగుదాం. ఏది తక్కువో తేలాక అదొక్కటే కొందాం.

అప్పటిదాకా ప్రతి ఒక్కరూ ఒక కుండీలో నాలుగు బొబ్బరగింజలు పెట్టండి. పూత మొదలవగానే ఒక మొక్కను వేరు తెగకుండా తీసి సంఘం మీటింగుకు పట్టుకురండి. బ్లేడు నేను తెస్తాను.