సముద్రములో మునుగుటకు ముందు

తాండూరు నాపరాతి గనుల నడుమ పుట్టి పెరిగినవాడు సముద్రములో మునుగుటను గూర్చి ప్రసంగించుట యేమని మీలో కొందరు నవ్వుకొనవచ్చును. నవ్వుటకు ముందు మీరు కూర్చున్న అరుగును ఒక్కమారు చూడుడు. మన ఇండ్లలో పరచిన ఆ నీలపుబండ ఒకప్పుడు సముద్రపు అడుగున పేరుకొనిన సున్నపు బురద. 50 కోట్ల ఏండ్లకు పైబడిన మాట అది. శంఖముగాని ఆలుచిప్పగాని గల జంతువులు అప్పటికింకను పుట్టలేదు. అందుచేతనే ఎన్ని పొరలు చీల్చినను ఆ బండలో ఒక్క గుల్లయు కానరాదు. అనంతగిరిలో పుట్టిన మూసీ నేరుగను, తాండూరు చెంత పారెడి కాగ్నా భీమానది వెంటను పోయి కృష్ణలో కలిసి, తుదకు బంగాళాఖాతమునే చేరుచున్నవి. ఇటీవల, 2024 అక్టోబరు 15వ తేదీన, మన వికారాబాదు జిల్లాలోని దామగుండపు అడవిలో నౌకాదళమువారి రేడియో కేంద్రమునకు శంకుస్థాపన జరిగినది. నీటిలో మునిగియుండు జలాంతర్గాములకు వార్త లంపుటకే ఆ కేంద్రము. అడవి పోవునని ఊళ్ళలో కలిగిన బాధ వేరు సంగతి. దానిని ఇచ్చట చర్చింపను. సముద్రము మనకు పరాయిది కాదని చెప్పుటయే నా ఉద్దేశము.

నాకు ఈ విషయముతో పని కలిగినది మా మనుమని వలన. దీపావళికి ఇంటికి వచ్చినవాడు, "తాతా, విశాఖపట్టణము దాటి మంగమారిపేట దగ్గర ఒడ్డునుండియే నీటిలోనికి నడిచిపోయి, రాతిదిబ్బల నడుమ మునిగి చూచి వచ్చెదను" అనెను. వాడు ఈతకొలనులో శిక్షణము పొంది, పత్రము సంపాదించినవాడే. వాని తల్లి ఆ మాట విని అన్నము ముట్టలేదు. నేను వద్దనలేదు. "బిడ్డా, నీవు చేయబోవునదంతయు ఒక కాగితముమీద వ్రాసి నాకు చూపుము, పిదప మాటలాడుదము" అంటిని.

వద్దనకపోవుటకు కారణమున్నది. నేనును మునిగినవాడనే. నడుమునకు ఎండిన ఆనపకాయ బుర్ర కట్టుకొని మోటబావిలో ఈత నేర్చితిని. పదునాలుగేండ్ల వయస్సున, పాతాళగరిగెకు చిక్కని ఇత్తడి బిందె కొరకు మూడు నిలువుల లోతునకు మునిగితిని. రెండవ నిలువుననే చెవులలో సూదులు గ్రుచ్చినట్లాయెను. పౌరుషము చేత లెక్కచేయక దిగితిని. బిందె దొరికినది, ఎడమచెవి పోయినది. పైకి వచ్చునప్పటికి మెడమీద నెత్తురు కారుచుండెను. ముక్కు మూసికొని మెల్లగా ఊదినచో చెవి లోపలి గాలి సరిపడి నొప్పి తగ్గునని ఆనాడు చెప్పినవారు లేరు. నొప్పి కలిగిన పిదప కాదు, కలుగకముందే ఊదవలెను. సరిపడనిచో పైకి మరలవలెను. పడిసెము పట్టినవాడు ఆనాడు మునుగనే రాదు.

ఇక నీటి ఒత్తిడి సంగతి. మన తలమీద గాలి మోపెడి బరువును ఒక వంతనుకొందము. సముద్రములో ప్రతి 10 మీటర్లకు అటువంటి వంతు మరొకటి చేరును. 10 మీటర్ల లోతున రెండు వంతులు, 20 మీటర్ల వద్ద మూడు. ఒత్తిడి రెట్టింపైనచో గాలి సగము చోటులో ఇముడును. బావిలో మునుగువాడు ఒడ్డున పీల్చిన గాలినే తీసికొని పోవును. అది లోతున కుంచించుకొని, పైకి రాగానే మునుపటియంత యగును. అందుచేత వానికి ఊపిరి బిగపట్టుటయే విద్య. వీపున గాలిసీసా కట్టుకొనువాని సంగతి అట్లు కాదు. ఆ సీసానుండి వచ్చు గాలి ఆ లోతునకు తగిన ఒత్తిడితోనే రొమ్ములో నిండును. వాడు 10 మీటర్ల వద్ద ఊపిరి బిగపట్టి పైకి వచ్చినచో ఆ గాలి రెండింతలై ఊపిరితిత్తులను చీల్చును. నిలువెడు లోతునుండి వచ్చినను ప్రమాదమే. కనుక బావి యీతగాండ్రమైన మనము పిల్లలకు నేర్పిన మొదటి పాఠమును అచ్చట మరచిపోవలసియున్నది. నీటిలో ఉన్నంతసేపు ఊపిరి ఆడుచునే యుండవలెను.

రెండవ గండము కంటికి కానరానిది. ఒత్తిడిలో పీల్చిన గాలిలోని నత్రజని నెత్తుటిలోను కండలలోను కరగును. గోలీసోడా బుడ్డిని మెల్లగా తెరచినచో బుసబుసమని ఊరకుండును. ఒక్కమారుగా కొట్టినచో పొంగి పొరలును. మనిషి దేహమును అట్టిదే. ఈ విషయమున 1908లో మేకలపై పరీక్షలు చేసి, ఎంత లోతునుండి ఎచ్చటెచ్చట ఆగుచు పైకి రావలెనో పట్టికలు ప్రకటించినవాడు జాన్ స్కాట్ హాల్డేన్ అను స్కాట్లండు దేశపు శాస్త్రజ్ఞుడు. ఆయన కుమారుడు జె. బి. యస్. హాల్డేన్. 1939లో థెటిస్ అను జలాంతర్గామి మునిగి 99 మంది మరణించిన పిమ్మట, ఆయన తన దేహమునే ఒత్తిడిగదులలో పెట్టి పరీక్షించుకొనెను. ఆయన 1957లో మన దేశమునకు వచ్చి, ఇచ్చటి పౌరుడై, 1964లో భువనేశ్వరమున మరణించెను. తన కళేబరమును కాకినాడ రంగరాయ వైద్యకళాశాలకు విద్యార్థుల చదువు కొరకు ఇచ్చివేసెను. ఈ సంగతి మా మనుమనికి తెలియదు. పత్రమిచ్చిన గురువులు చెప్పలేదు కాబోలు.

వాడు కాగితము వ్రాసి తెచ్చెను. అందులో గాలి లెక్క మాత్రము మెచ్చదగినదిగానే యున్నది. సీసా 12 లీటర్లది. అందులో 200 వంతుల ఒత్తిడితో గాలి నింపుదురు. అనగా 2400 లీటర్లు. నెమ్మదిగా నున్న మనిషి ఒడ్డున నిమిషమునకు 20 లీటర్లు పీల్చుననుకొన్నచో, 10 మీటర్ల లోతున 40 లీటర్లు కావలెను. ముల్లు 130 చూపగానే వెనుదిరుగవలెనని వ్రాసికొనెను. పోవుటకు 21 నిమిషములు, వచ్చుటకు 21 నిమిషములు. 60 వంతులు మిగులును. భయపడినవాడు రెండింతలు పీల్చును గనుక ఆ మిగులు అవసరమే. పోవునపుడు ప్రవాహమున కెదురుగా పోవలెను, అలసిన పిదప అది వెనుకకు తెచ్చును. జతగాడు కానరానిచో ఒక్క నిమిషము వెదకి పైకి రావలెను. తుదను 5 మీటర్ల వద్ద 3 నిమిషములు నిలువవలెను. ఒడ్డుచేరుటకు ఒక చోటు, అది కుదరనిచో మరియొక చోటు. ఇవన్నియు ఉన్నవి.

తిథి మాత్రము లేదు. వాడు పున్నమికి పోదమనుకొనెను, వెన్నెల బాగుండునని! పున్నమికిని అమావాస్యకును పోటు పెద్దది, పాటు పెద్దది. నీరు బలముగా లాగును. అష్టమినాడు రెండును చిన్నవి. ప్రయాణమునకు అష్టమి పనికిరాదని మన పంచాంగములు చెప్పుచుండగా, నీటిలో దిగువానికి అదియే మేలైన దినమగుట విచిత్రము. జూను మొదలు సెప్టెంబరు వరకు అలలు, అక్టోబరు మొదలు తుఫానులు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను ఏమి చేసినదో మీరెరుగుదురు. కాబట్టి పుష్యమాసపు బహుళాష్టమి నిశ్చయించితిమి. అలల యెత్తును ముందుగా తెలుపు కేంద్ర ప్రభుత్వ సంస్థ 1999 నుండి సముద్రములేని హైదరాబాదులోనే పనిచేయుచున్నది. ఆ సూచనలు చూచుకొనుచుంటిమి.

కాగితములో అసలు తప్పు చివరి పంక్తిలో నున్నది. "ఉదయము మునుగుట, మధ్యాహ్నము మోటారులో అనంతగిరి మీదుగా అరకు." మన అనంతగిరి కాదు, ఆ మన్యములోను అదే పేరుగల చోటున్నది. ఆ కొండదారి సముద్రమునుండి రెండు మూడు గంటలలో ఇంచుమించు వేయి మీటర్ల యెత్తునకు ఎక్కును. పైకి పోయినకొలది గాలి ఒత్తిడి తగ్గును. అనగా సోడాబుడ్డిని మరల తెరచినట్లే. ఒక్కమారు మునిగినవారు 12 గంటలు, పలుమార్లు మునిగినవారు కనీసము 18 గంటలు ఆగి విమానమెక్కవలెనని నియమము. కొండ యెక్కువారికిని అదే జాగ్రత్త కావలెను. నీటిలో సరిగా నడచుకొని, సాయంకాలము కొండపైన కీళ్ళనొప్పులతో పడిపోయినచో, దానికిని ఉదయపు నీటికిని సంబంధమున్నదని ఎవరికి తోచును? విశాఖకు విహారముగా పోవు మన పిల్లలందరును ఈ రెండింటిని ఒకేనాడు పెట్టుకొనుచున్నారు. మీ ఇంటివారు పోవునప్పుడు ఈ ఒక్క ప్రశ్న అడుగుడు. ఆ పంక్తిని నేను కొట్టివేసితిని. వాడు కొంత గొణిగెను.

వాని జతగాడును, ఆ తీరమున మునుగుట నేర్పెడి వారొకరును వెంట నుండగా, అష్టమినాటి ఉదయము అందరమును ఒడ్డున నిలిచితిమి. అలలు వరుసగా విరుగుచుండెను. నడుమ ఒకచోట మాత్రము నీరు విరుగక, నున్నగా, కొంచెము ఎర్రగా నుండెను. "అచ్చటినుండి దిగుదము, అల లేదు" అనెను మనుమడు. వల సరిచేసికొనుచున్న ముసలి జాలరి యొకడు తలయెత్తి, "అయ్యా, అది వాకిలి కాదు, లోపలికి లాగే దారి" అనెను. ఒడ్డుకు తోయబడిన నీరంతయు తిరిగి లోనికి పోవు ప్రవాహమది. ఇసుకను తీసికొనిపోవుటచేతనే ఆ యెరుపు. అందులో చిక్కినవాడు ఒడ్డువైపునకు ఎదురీది అలసి మునిగిపోవును. ఒడ్డునకు సమానముగా ప్రక్కకు ఈది తప్పించుకొనవలెను. ఈతకు దిగి విశాఖ ఒడ్డున ప్రాణములు పోగొట్టుకొనినవారిలో ఎందరో ఈ నున్నని చోటునే నమ్మిరి. ఆ దినము నీరు మురికిగా నుండుటచేత మేము మరలి వచ్చితిమి. కట్టిన సొమ్ములో సగము పోయినది. ఇంటినుండి కోడలు ఫోనులో ఆ మాట విని మొదటిసారి నవ్వినది.

నవమినాడు నీరు తేటపడినది. ఉదయము 7 గంటల 10 నిమిషములకు ముగ్గురును దిగిరి. ఇసుకమీద కాగితముతో, గడియారముతో కూర్చుండుట నా పని. 7–55కు బయటికి రావలెను; 8–10 దాటినచో పడవవానిని కేకవేయవలెను. 7–55 ఆయెను. నీటిపై ఏమియు లేదు. 8 గంటలాయెను. పెద్దలారా, ఎన్ని లెక్కలు సరిచూచినను ఆ నిమిషములకు లెక్క పనికిరాదు. పడవవాడు నా ముఖము చూచి తానే లేచి నిలుచుండెను. 8–04కు దక్షిణముగా, రెండవదిగా వ్రాసికొనిన చోటున, మూడు తలలు తేలినవి. ప్రవాహము మారినందున అటు వచ్చితిమనిరి. ముల్లు 55 చూపుచుండెను.

రాళ్ళమీద అచ్చటచ్చట పగడపు పురుగులు కట్టిన గూళ్ళు చూచితినని వాడు చెప్పెను. మన బండకు జతగా ఒక ముక్క తేలేదేమంటిని. పగడములు వన్యప్రాణి సంరక్షణ చట్టములో చేరినవని, తాకుటయు తగదని నాకే పాఠము చెప్పెను. మరునాటి ఉదయము, పూర్తిగా ఒక దినము గడచిన పిదప, అరకు పోవు రైలెక్కితిమి. కనుమ యెక్కుచుండగా అందరును చెవులు మూసి తెరచుకొనుచుండిరి. నా కుడిచెవి పలికినది, ఎడమది పలుకలేదు.