ఛార్జర్ పెడితే లైసెన్స్ కావాలి! బ్రిటన్‌లో సర్కారు ఎంత లోపలికి వచ్చింది?

ఈ రోజు టాపిక్ బ్రిటన్. రాజుగారి గురించి కాదు, కోహినూర్ గురించీ కాదు. అక్కడ మామూలు మనిషి రోజువారీ జీవితంలోకి ప్రభుత్వం ఎంత లోపలికి వచ్చి కూర్చుంది అన్నది.

మీ కజినో, కాలేజీ సీనియరో లెస్టర్‌లోనో కోవెంట్రీలోనో మాస్టర్స్ చేస్తుంటే ఒకసారి అడగండి, టీవీ లైసెన్స్ లెటర్ వచ్చిందా అని. వచ్చే ఉంటుంది. అక్కడ లైవ్ టీవీ చూడాలంటే లైసెన్స్ ఉండాలి. 2025 ఏప్రిల్‌లో దాని ధర ఏడాదికి 174.50 పౌండ్లు ఉండేది, మన లెక్కలో దాదాపు 20 వేలు. "మా రూమ్‌లో టీవీయే లేదు" అంటే కుదరదు, ఫోన్‌లో చూసినా అంతే. "నేను బీబీసీ చూడను" అన్నా అంతే, ఏ ఛానెల్ అయినా లైవ్ అయితే చాలు. యూట్యూబ్‌లో మన తెలుగు న్యూస్ ఛానెల్ లైవ్ పెట్టుకుని ఎలక్షన్ రిజల్ట్స్ చూసినా రూల్ ప్రకారం లైసెన్స్ కావాలి. అదే క్లిప్ గంట తర్వాత యూట్యూబ్‌లో చూస్తే అక్కర్లేదు.

ఇందులో ఒక మినహాయింపు ఉంది, అది ఇంకా బాగుంటుంది. స్టూడెంట్‌కి అమ్మానాన్నల ఇంట్లో లైసెన్స్ ఉంటే, హాస్టల్‌లో ఫోన్లోనో ల్యాప్‌టాప్‌లోనో చూసుకోవచ్చు. కాకపోతే అది సొంత బ్యాటరీ మీదే నడుస్తూ ఉండాలి. ఛార్జర్ ప్లగ్‌లో పెట్టారా, మినహాయింపు పోయింది! జోక్ కాదండీ, నిజంగా రూల్ అలాగే ఉంది.

సరే, కట్టకపోతే ఏమవుతుంది? క్రిమినల్ కేసు. 1,000 పౌండ్ల వరకు ఫైన్. కరెంట్ బిల్లు కట్టకపోతే కూడా క్రిమినల్ అవ్వరు కదా, ఇక్కడ అవుతారు. ఇంగ్లండ్‌లో ఈ కేసులు ఎక్కువగా సింగిల్ జస్టిస్ ప్రొసీజర్ అనే పద్ధతిలో నడుస్తాయి. ఒకే మేజిస్ట్రేట్, ఓపెన్ కోర్టు లేదు, కాగితాలు చూసి తీర్పు. శిక్ష పడినవాళ్లలో నూటికి 70 మందికి పైగా ఆడవాళ్లే. పగలు ఇంట్లో ఉండి తలుపు తీసేది ఎక్కువగా వాళ్లే అన్నది దీనికి చెప్పే ఒక కారణం. అక్కడ ఉంటున్నవాళ్లకి ఒక మాట: తలుపు కొట్టే ఆ ఇన్‌స్పెక్టర్‌కి వారెంట్ లేకుండా మీరు ఒప్పుకోకపోతే లోపలికి వచ్చే హక్కు లేదు. చాలామందికి ఇది తెలీదు.

ఇక్కడ ఓపెన్‌గా చెప్పేస్తాను, నేను లిబర్టేరియన్ వైపు మొగ్గేవాణ్ణి. సింపుల్‌గా చెప్పాలంటే నీ ఒళ్లు, నీ డబ్బు, నీ నోరు, వీటితో ఎదుటివాడికి హాని చేయనంతవరకు సర్కారుకి అక్కడ పని లేదు. ఈ ఐడియాకి పెద్ద పేరు తెచ్చింది కూడా బ్రిటన్‌వాడే, జాన్ స్టువర్ట్ మిల్, 1859లో. చిన్న సైడ్ నోట్: ఈయన 35 ఏళ్లు ఈస్ట్ ఇండియా కంపెనీలో ఉద్యోగం చేశాడు. ఈ స్వేచ్ఛ సూత్రం వెనకబడిన సమాజాలకి వర్తించదని ఆ పుస్తకంలోనే రాసుకున్నాడు. అంటే మనకి కాదన్నమాట! ఐడియా మంచిదే, దాన్ని మనం తీసుకుందాం, ఆ కండిషన్ మాత్రం ఆయనకే వదిలేద్దాం.

ఇప్పుడు తిండీ తాగుడూ కొంచెం ఫాస్ట్‌గా. 2018 ఏప్రిల్ నుంచి కూల్‌డ్రింక్స్ మీద షుగర్ ట్యాక్స్ వేశారు, 100 మిల్లీలీటర్లలో 5 గ్రాములు దాటితే. మనకి థమ్సప్ ఎలాగో స్కాట్లాండ్‌కి ఇర్న్ బ్రూ అలాగ. దాని రెసిపీ మార్చేస్తున్నారని తెలిసి జనం పాత బాటిళ్లు కొని దాచుకున్నారు. అదే స్కాట్లాండ్‌లో మందుకి కనీస ధర పెట్టారు, మొదట యూనిట్‌కి 50 పెన్నీలు, 2024 నుంచి 65. ఖరీదైన వైన్ తాగే సారుకి తేడా తెలీదు, చీప్ సైడర్ తాగేవాడి జేబుకే చిల్లు.

సిగరెట్ సంగతి ఇంకా విచిత్రం. 2009 జనవరి 1న, ఆ తర్వాత పుట్టినవాళ్లకి జీవితాంతం సిగరెట్ అమ్మకూడదు అనే ప్లాన్. 2023లో రిషి సునాక్ ప్రకటించారు, ఆయన దిగిపోయాక లేబర్ ప్రభుత్వం వచ్చి అదే బిల్లు మళ్లీ తెచ్చింది. పార్టీ మారింది, ఐడియా మారలేదు. 2049లో సీన్ ఊహించుకోండి. కౌంటర్ దగ్గర ఇద్దరు 40 ఏళ్ల వాళ్లు. 2008 డిసెంబర్‌లో పుట్టినాయనకి ప్యాకెట్ ఇస్తారు, 2009 జనవరిలో పుట్టినాయన్ని "నీకు వద్దు బాబూ" అంటారు. పొగ తాగమని నేను చెప్పట్లేదు, దయచేసి తాగకండి. కానీ 40 ఏళ్ల మనిషికి ఆ మాట చెప్పాల్సింది డాక్టరూ భార్యా, పార్లమెంట్ కాదు. న్యూజిలాండ్ ఇలాంటి చట్టమే చేసి, అమల్లోకి రాకముందే 2024లో రద్దు చేసుకుంది.

దీనికి వాళ్లు చెప్పే జవాబు గట్టిదే, తీసిపారేయలేం. అక్కడ వైద్యం ఉచితం, ఎన్‌హెచ్‌ఎస్ నడిచేది అందరి పన్నులతో. నీ క్యాన్సర్ ఖర్చు నేను కడుతున్నప్పుడు నీ సిగరెట్ నా విషయం కూడా అవుతుంది కదా అంటారు. నా డౌట్ ఏంటంటే, ఈ లాజిక్‌కి బ్రేక్ ఎక్కడుంది? బిర్యానీ, బైక్ రైడింగ్, రాత్రి 3 దాకా మేలుకోవడం, అన్నీ హాస్పిటల్‌కి దారితీసేవే. బిల్లు కట్టేవాడికే నా ప్లేట్ మీద పెత్తనం అంటే, ఉచితం అన్న మాటకి అర్థమేంటి? పైగా అక్కడ సిగరెట్ ప్యాకెట్ ధరలో సింహభాగం పన్నే, పొగతాగేవాడు ఇప్పటికే కడుతున్నాడు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం, నోరు. అంటే మీ ఫోన్.

2010 జనవరి. ఇంగ్లండ్‌లో మంచు పడి రాబిన్ హుడ్ ఎయిర్‌పోర్ట్ మూసేశారు. అమ్మాయిని కలవడానికి ఫ్లైట్ ఎక్కాల్సిన ఒక కుర్రాడు, ఇరవైల్లో ఉన్నాడు, అకౌంటెంట్ ట్రైనీ, చిరాకులో ట్వీట్ వేశాడు. వారంలో ఎయిర్‌పోర్ట్ బాగుచేసుకోండి, లేకపోతే పేల్చేస్తా అనే అర్థంలో. మన ఫ్రెండ్స్ గ్రూపుల్లో "బస్సు రాకపోతే డిపో తగలబెట్టేస్తా" అంటాం చూడండి, ఆ టైపు. ఎయిర్‌పోర్ట్ వాళ్లే ఇది నిజమైన బెదిరింపు కాదు అనుకున్నారు. అయినా ఫైల్ పైకి వెళ్లింది, పోలీసులు వచ్చి ఆఫీసులోనే అరెస్ట్ చేశారు. కోర్టు దోషి అంది, 385 పౌండ్ల ఫైన్, పైన కోర్టు ఖర్చులు. ఉద్యోగం పోయింది. స్టీఫెన్ ఫ్రై లాంటి నటులు అండగా నిలబడ్డారు. హైకోర్టు ఆ తీర్పు కొట్టేసేసరికి 2012 జులై వచ్చింది. ఒక జోక్‌కి రెండున్నర ఏళ్లు.

ఏ చట్టం ఇది? కమ్యూనికేషన్స్ యాక్ట్ 2003, సెక్షన్ 127. తీవ్రంగా నొప్పించేది, బెదిరించేది పంపితే నేరం. దీని తాత ఎవరో తెలుసా? 1935 నాటి పోస్టాఫీస్ సవరణ చట్టం. టెలిఫోన్ ఎక్స్‌ఛేంజ్‌లో పనిచేసే ఆడవాళ్లకి ఫోన్ చేసి బూతులు తిట్టేవాళ్లని ఆపడానికి చేసింది. ఆ పర్పస్ న్యాయమైనదే. కానీ ఆ మాటల్నే కాపీ పేస్ట్ చేస్తూ ఇంటర్నెట్ దాకా తెచ్చారు. కోడ్‌లో కూడా ఇదే జరుగుతుంది, ఎప్పుడో ఒక చిన్న అవసరానికి రాసిన ఫంక్షన్‌ని ఎవరూ చదవకుండా ప్రొడక్షన్‌లో అన్నిచోట్లా కాల్ చేసేస్తారు.

ఈ కాపీ పేస్ట్ బ్రిటన్‌తో ఆగలేదు. మన ఐటీ చట్టం 66ఏ గుర్తుందా? దాంట్లో మాటలు చాలావరకు ఈ బ్రిటిష్ చట్టాల నుంచి వచ్చినవే. 2013లో ఒక ఫేస్‌బుక్ పోస్టుకి పౌరహక్కుల సంఘం నాయకురాలిని 66ఏ కింద మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే అరెస్ట్ చేశారు. 2015 మార్చి 24న శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ని కొట్టేసింది. ఆ తీర్పులో ఈ ఎయిర్‌పోర్ట్ ట్వీట్ కేసు ప్రస్తావన కూడా ఉంది! నొప్పించడం అంటే ఏంటో క్లియర్‌గా లేనప్పుడు పోలీసు ఎలా అనుకుంటే అలా అవుతుంది అన్నది కోర్టు పాయింట్. తమాషా ఏంటంటే, మనం కొట్టేశాం, బ్రిటన్‌లో 127 ఇంకా ఉంది. మరీ కాలర్ ఎగరేయకండి, కొట్టేశాక కూడా మన పోలీసులు 66ఏ కేసులు పెడుతూనే ఉన్నారు, 2021లో సుప్రీంకోర్టే షాక్ అయింది.

టైమ్స్ పత్రిక పోలీసు లెక్కలు తీస్తే, 127తో పాటు ఇంకో పాత చట్టం కింద 2023లో బ్రిటన్‌లో 12 వేలకి పైగా అరెస్టులు తేలాయి. వాట్సాప్‌లో ఈ నంబర్‌ని "ట్వీట్లకి 12 వేల మంది జైలుకి" అని తిప్పుతారు, అది కరెక్ట్ కాదు. ఇవి అరెస్టులు, శిక్షలు కావు. మాజీ భార్యని మెసేజ్‌లతో వేధించినవాడు కూడా ఇందులోనే ఉంటాడు, వాణ్ణి పట్టుకోవాల్సిందే. నా ప్రాబ్లం అదే. వాణ్ణీ జోక్ వేసినవాణ్ణీ ఒకే మాటతో పట్టుకునే చట్టం రెండు పనులూ సరిగ్గా చేయదు.

ఇంకొకటి, ఐడీ. 1939లో యుద్ధం కోసం బ్రిటన్ అందరికీ ఐడెంటిటీ కార్డులు ఇచ్చింది. మొదట 3 అవసరాలకి. 1950కి అవి 39 అయ్యాయి. ఆ ఏడాది డిసెంబర్‌లో క్లారెన్స్ విల్‌కాక్ అనే ఆయన్ని స్పీడింగ్‌కి ఆపి పోలీసు కార్డు అడిగితే, చూపించను అన్నాడు. కేసు ఓడిపోయాడు, కానీ యుద్ధం కోసం చేసిన చట్టాన్ని ఇలా వాడతారా అని జడ్జీలే మందలించారు. 1952లో కార్డులు తీసేశారు. 3 నుంచి 39, ఆధార్ ఎక్కడెక్కడ అడుగుతున్నారో చూస్తున్న మనకి ఈ లెక్క విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు 2025 జులై 25కి రండి. ఆన్‌లైన్ సేఫ్టీ యాక్ట్ కింద ఏజ్ చెక్ మొదలైంది. పోర్న్, సెల్ఫ్ హార్మ్ లాంటి కంటెంట్ పిల్లలకి కనపడకూడదు. ఉద్దేశం మంచిదే, ఇలాంటి కంటెంట్‌తో పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు అడిగిన చట్టం ఇది, వాళ్లని వెక్కిరించే పని నేను చేయను. కానీ నడిచే తీరు చూడండి. కంటెంట్ చూడాలంటే ఐడీ ఫోటో, లేదా సెల్ఫీ స్కాన్, లేదా క్రెడిట్ కార్డ్. వెంటనే ఏమైంది? వీపీఎన్ యాప్‌లు యాప్ స్టోర్ టాప్‌కి వెళ్లాయి. డెత్ స్ట్రాండింగ్ గేమ్‌లో క్యారెక్టర్ మొహం చూపించి డిస్కార్డ్ స్కాన్‌ని దాటేశారు. ఆపాలనుకున్న టీనేజర్ దాటేశాడు, రూల్ పాటించే 50 ఏళ్ల ఆయన పాస్‌పోర్ట్ అప్‌లోడ్ చేశాడు.

ఆ పాస్‌పోర్ట్ ఎక్కడికి వెళ్తుంది? కొన్నేళ్లు కోడ్ రాసినవాడిగా చెప్తున్నా, 18 దాటిందా అన్న ప్రశ్నకి కావాల్సింది ఒక్క బిట్. అవును, కాదు. దానికి పేరు, పుట్టిన తేదీ, ఫోటో, ఐడీ నంబర్ మొత్తం తీసుకోవడం అంటే తాళంచెవి అడిగితే ఇల్లు రాసిచ్చినట్టు. దాచిన డేటా ఎప్పుడో ఒకప్పుడు బయటికి వస్తుంది. 2025 అక్టోబర్‌లో డిస్కార్డే చెప్పింది, కస్టమర్ సపోర్ట్ చూసే బయటి సంస్థ దగ్గర నుంచి దాదాపు 70 వేల మంది ప్రభుత్వ ఐడీ ఫోటోలు బయటపడి ఉండొచ్చని. వయసు విషయంలో అప్పీల్ చేసుకోవడానికి జనం ఇచ్చినవి అవి.

ఫైన్ ఎంత అనుకుంటున్నారు? 1.8 కోట్ల పౌండ్లు, లేదా ప్రపంచవ్యాప్త ఆదాయంలో 10 శాతం, ఏది ఎక్కువైతే దాని వరకు. మెటాకి లాయర్ల సైన్యం ఉంది, తట్టుకుంటుంది. హ్యామ్‌స్టర్లు పెంచుకునేవాళ్ల చిన్న సైట్ ఒకటి ఈ చట్టం భయంతోనే మూసేస్తున్నాం అని ప్రకటించింది. హ్యామ్‌స్టర్లు!

ఇక 2025 ఫిబ్రవరిలో యాపిల్ బ్రిటన్‌లో ఐక్లౌడ్ బ్యాకప్‌లకి ఇచ్చే గట్టి ఎన్‌క్రిప్షన్, అడ్వాన్స్‌డ్ డేటా ప్రొటెక్షన్‌ని తీసేసింది. మాకు దారి తెరవండి అని ప్రభుత్వం 2016 చట్టం కింద రహస్యంగా ఆర్డర్ ఇచ్చిందని వార్తలు. ఆ ఆర్డర్ వచ్చింది అని బయటికి చెప్పడం కూడా ఆ చట్టం ప్రకారం కుదరదు. అందుకే యాపిల్ స్టేట్‌మెంట్‌లో ఆ ఊసే లేదు, ఫీచర్ తీసేస్తున్నాం అని మాత్రమే ఉంది.

ఎన్‌క్రిప్షన్‌లో "మంచివాళ్లకి మాత్రమే బ్యాక్‌డోర్" ఎందుకు కుదరదు అన్నది నెక్స్ట్ ఎపిసోడ్‌లో, కొంచెం మ్యాథ్స్‌తో, భయపడకండి. యూకేలో ఉన్నవాళ్లు మీ ఏజ్ చెక్ అనుభవాలు కామెంట్స్‌లో రాయండి, మీ ఐడీ ఫోటో మాత్రం అక్కడ పెట్టకండి బాబూ. ఉంటాను, బై.